టీవీ బిల్లు పెరిగితే ముందు చీటీ చదవండి

గత ఆదివారం సాయంత్రం మన కాలనీ గ్రంథాలయం మేడ మీద వినియోగదారుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం.

అందరికీ నమస్కారం. మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి వచ్చిన పెద్దవాళ్ళకు ప్రత్యేకంగా నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నా గొంతు అంతగా సహకరించడం లేదు, మీరే కాస్త దగ్గరగా జరగాలి.

మొదట ఒక ప్రశ్న. ఈ ఏడాదిలో టీవీ బిల్లు పెరిగినవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. దించకండి, దించకండి. ఎందుకు పెరిగిందని ఆపరేటర్‌నో కస్టమర్ కేర్‌నో అడిగినవాళ్ళు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి, మిగతావాళ్ళు దించండి. ఒకటి, రెండు, మూడు, ఆ మూల నాలుగు. ఇంతమందిలో నలుగురు. పెరిగింది అందరికీ, అడిగింది నలుగురు. ఎందుకిలా జరుగుతోంది? ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

రైతుబజారులో వంకాయలు కిలోకు 5 రూపాయలు పెరిగితే అడుగుతాం కదా? పాలు పోసే అబ్బాయి లీటరుకు 2 రూపాయలు పెంచితే, ఎప్పటి నుంచి, ఎందుకు అని గుమ్మంలోనే నిలబెట్టి అడుగుతాం. మరి నెలకు వంద రూపాయలు ఎక్కువ తీసుకుపోయే టీవీ బిల్లును ఎందుకు అడగం? నాకు తోచిన కారణం ఒకటే. అది ముద్దలాగా వస్తుంది. వంకాయలు వేరు, బెండకాయలు వేరు అని మనకు తెలుసు. టీవీ బిల్లు మాత్రం ‘ఈ నెల ఇంత’ అని ఒకే అంకెగా చేతికి వస్తుంది. విడదీసి చూడలేని దాన్ని ఏమని అడుగుతాం?

ఇది పాత రోజుల అలవాటు. ఒకప్పుడు కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, ఇంటింటికీ కలిపి, నెల మొదట్లో కేబుల్ అబ్బాయి పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. అందరికీ అవే చానళ్ళు, అందరికీ ఒకే డబ్బులు. అప్పుడు విడదీయడానికి ఏమీ లేదు, నిజమే. తరవాత సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో 2013 గడువుతో మొదలై, పల్లెల దాకా 2017 నాటికి పాత పద్ధతి తీసేశారు. బాక్సు వచ్చాక ఏ ఇంట్లో ఏ చానల్ వస్తోందో కేబుల్ సంస్థకు లెక్క తెలుసు. ఒక్కొక్క చానల్ విడిగా వేయవచ్చు, విడిగా తీయవచ్చు. లెక్క వాళ్ళ దగ్గర విడివిడిగా ఉంది, మన దగ్గరికి మాత్రం ముద్దగా వస్తోంది. ఆ ముద్దను ఎలా విడదీయాలో మా పిన్ని బిల్లుతో చూపిస్తాను.

మా పిన్ని తెనాలిలో ఉంటుంది. 74 ఏళ్ళు. బాబాయి పోయి ఆరేళ్ళయింది. పిల్లలు దూరాన ఉన్నారు. ఉదయం భక్తి కార్యక్రమాలు, మధ్యాహ్నం భోజనం చేస్తూ వార్తలు, సాయంత్రం ఏడు నుంచి సీరియళ్ళు. మొన్న జూన్‌లో ఫోన్ చేసి, ‘అమ్మాయ్, కేబుల్ తీయించేద్దామనుకుంటున్నానే’ అంది. ఎందుకు పిన్నీ అంటే, ‘295 ఇచ్చేదాన్ని, ఇప్పుడు 413 అంటున్నాడు. నాలుగు వందలు టీవీకి ఎందుకు, మందులకు వస్తాయి’ అంది. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. చుట్టూ మనుషులు లేని ఇంట్లో ఆమెకు వినిపించే గొంతు అదొక్కటే. దాన్ని కూడా ఆపేయడానికి సిద్ధపడింది, అడగడానికి మాత్రం సిద్ధపడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టీవీ ధరల గురించి మాట్లాడితే, ‘పోతే పోనివ్వండి, టీవీ మానేసి పుస్తకాలు చదువుకోవచ్చుగా’ అనేవాళ్ళుంటారు. గ్రంథాలయంలో నిలబడి చెబుతున్నాను, పుస్తకాల మీద నాకున్న ప్రేమ మీకు తెలుసు. అయినా ఆ సలహా నాకు నచ్చదు. కళ్ళకు శుక్లాలు వచ్చిన మనిషికి, రోజంతా పని చేసి అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషికి ఆ సలహా ఇవ్వడం తేలిక. వాళ్ళకు కావలసిన వినోదం న్యాయమైన ధరకు అందాలి.

సరే, పిన్ని బిల్లు. రెండు రోజుల తరవాత నేనే తెనాలి వెళ్ళాను. చీటీ చూపించు పిన్నీ అన్నాను. దేవుడి గూట్లో, పంచాంగం కింద మడిచి పెట్టింది. దాని మీద ఒకటే అంకె, 413. వెనక ఏమీ లేదు. అప్పుడు రిమోటు తీసుకుని 999 నొక్కాను. 999, గుర్తు పెట్టుకోండి. సంస్థలు వినియోగదారుల సమాచారం చూపించడానికి కేటాయించిన చానల్ నంబరు అది. ధరలు అక్కడ వస్తాయి. ఆ తరవాత మెనూలో ‘నా ప్యాకేజీ’ లాంటి చోటికి వెళితే ఆ ఇంటికి ఏయే ప్యాక్‌లు, అంటే కొన్ని చానళ్ళు కలిపి ఒకే ధరకు ఇచ్చే కట్టలు, వేశారో పట్టీ కనిపించింది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చుంది, నేను చదివాను, తను పాత క్యాలెండర్ వెనక రాసుకుంది.

ఆ పట్టీ చదవడానికి ముందు మీకు మూడు వరుసలు తెలియాలి. ఏ టీవీ బిల్లయినా, కేబుల్ అయినా డిష్ అయినా, మూడే వరుసలు. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. అంటే చానళ్ళను మీ ఇంటిదాకా చేర్చినందుకు సంస్థ తీసుకునే కూలి. రెండోది డబ్బు చానళ్ళ, అంటే విడిగా ధర ఉన్న చానళ్ళ ఖర్చు, ఒక్కొక్కటిగానో ప్యాక్‌గానో. మూడోది ఈ రెండింటి మీదా కలిపి 18 శాతం జీఎస్టీ. అంతే. నాలుగో వరుస ఏదైనా ఉంటే అదేమిటో వాళ్ళే చెప్పాలి.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? ఫోన్లకూ టీవీ ప్రసారాలకూ నిబంధనలు పెట్టే కేంద్ర నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 మార్చిలో కొత్త ధరల ఉత్తర్వు ఇచ్చింది. చానళ్ళు నడిపే ప్రసార సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ట్రాయ్ వైపే తీర్పు చెప్పింది. 2019 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమలైంది. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఏ చానళ్ళు కావాలో టిక్కులు పెట్టమని కేబుల్ అబ్బాయి కాగితాలు పంచాడు. మనలో చాలామంది పెట్టలేదు, ‘నువ్వే ఏదో ఒకటి వెయ్యి నాయనా’ అన్నాం. అలా ఎంచుకోనివాళ్ళ కోసం సంస్థలే ఒక ప్యాక్ వేశాయి. కావలసినప్పుడు దాన్ని మార్చుకోవచ్చని, అడిగిన 72 గంటల్లో మార్చాలని ట్రాయ్ అప్పుడే చెప్పింది. అప్పుడు ‘నువ్వే వెయ్యి’ అన్న మాట మీద ఇవాళ్టికీ మన బిల్లులు నడుస్తున్నాయి. ఎంతమంది ఆ తరవాత మార్చుకున్నాం?

మొదటి వరుస సంగతి. 2019లో ఆ ఫీజు 100 చానళ్ళకు నెలకు 130 రూపాయలు మించకూడదు. పన్నుతో కలిపి 153 రూపాయల 40 పైసలు. ఆ అంకె చాలామందికి నోటికి వచ్చేసింది. 2020లో దాన్ని సవరించి, అదే 130కి 200 చానళ్ళు ఇవ్వాలన్నారు, ఎన్ని ఎక్కువ ఇచ్చినా 160 దాటకూడదన్నారు. ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఇది చాలామందికి తెలియదు. 2024 జులైలో ట్రాయ్ ఆ పరిమితిని తీసేసింది. ఇప్పుడు ఆ ఫీజు ఎంతో సంస్థే నిర్ణయించుకోవచ్చు, ఊరిని బట్టి, వినియోగదారుల తరగతిని బట్టి మార్చుకోవచ్చు కూడా. కానీ నిర్ణయించిన ధరను బయటికి ప్రకటించి తీరాలి. అంటే ఏమిటి? ‘130 మించకూడదు కదా’ అని ఇవాళ మనం వాదిస్తే ఓడిపోతాం. ‘మీరు ప్రకటించిన పట్టీలో ఎంత ఉంది, చూపించండి’ అని అడిగితే గెలుస్తాం. ఈ రెండు మాటలకూ తేడా తెలియక ఎంతోమంది ఆపరేటర్‌తో గొడవపడి, చివరికి మాట పోగొట్టుకుని వచ్చారు.

రెండో వరుసకు వద్దాం. అసలు పెరుగుదల ఎక్కువగా ఇక్కడే దాక్కుంటుంది. ప్రతి డబ్బు చానల్‌కూ నెలవారీ ధర ఉంటుంది, దాన్ని ప్రసార సంస్థ నిర్ణయిస్తుంది. ఏదైనా చానల్‌ను ప్యాక్‌లో పెట్టాలంటే దాని విడి ధర 19 రూపాయలు దాటకూడదు. మరి ఏమవుతుంది? 2019లోనే ప్రధాన తెలుగు వినోద చానళ్ళలో చాలావాటి ధర ఈ 19కి ఆనుకుని వచ్చి ఆగింది. పరిమితి అనుకున్నది కాస్తా ధర అయి కూర్చుంది. 2020లో ట్రాయ్ ఆ 19ని 12కు తగ్గించింది. మంచి ఉద్దేశమే. కానీ పేరున్న చానళ్ళకు 12 దాటిన ధరలు పెట్టి, వాటిని ప్యాక్‌ల నుంచి బయటికి తెచ్చే ఏర్పాటు ప్రసార సంస్థలు చేశాయి. విడిగా కొనుక్కోవలసి వస్తే జనం బిల్లు తగ్గడానికి బదులు పెరుగుతుంది. కోర్టుల్లో వాదనలు, వాయిదాలు. చివరికి 2022 నవంబరులో మళ్ళీ 19కే తెచ్చారు, ప్యాక్ మీద 45 శాతం దాకా తగ్గింపు ఇవ్వవచ్చన్నారు. 2023 ఫిబ్రవరిలో కొత్త ధరల దగ్గర ఒప్పందం కుదరక కొన్ని పెద్ద ప్రసార సంస్థలు కొన్ని కేబుల్ సంస్థలకు సిగ్నల్ ఆపేశాయి. కొన్ని రోజులు చాలా ఇళ్ళలో చానళ్ళు రాలేదు. వాళ్ళూ వాళ్ళూ తగువు పడితే తెర నల్లబడింది మన ఇంట్లో.

ఈ ధరలు ఎందుకు పెరుగుతున్నాయి? క్రికెట్ ఒక పెద్ద కారణం. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అందులో మన దేశంలో టీవీ హక్కులు ఒక్కటే 23,575 కోట్లు. లెక్క వేస్తే ఒక్కో ఆటకు 57 కోట్ల 50 లక్షలు. అంత పెట్టి కొన్నవాళ్ళు ప్రకటనల నుంచి కొంత, చందాల నుంచి కొంత రాబట్టుకోవాలి కదా. వ్యాపారం అంతే, నేను తప్పు పట్టడం లేదు. క్రికెట్ చూసేవాళ్ళు దానికి డబ్బు ఇవ్వాలి, న్యాయమే. కానీ జీవితంలో ఒక్క ఓవరు చూడని మా పిన్ని ఎందుకు ఇవ్వాలి?

ఇప్పుడు ఆ క్యాలెండర్ వెనక రాసిన లెక్క చదువుతాను, మీరూ మనసులో కూడండి. పాత బిల్లు: ఫీజు 130, ఒక తెలుగు ప్యాక్ 45, ఇంకో తెలుగు ప్యాక్ 40, మూడో ప్యాక్ 35. మొత్తం 250. దాని మీద 18 శాతం, 45. కలిపి 295. సరిపోయింది.

కొత్త బిల్లు: ఫీజు అదే 130. మొదటి ప్యాక్ 45 నుంచి 52 అయింది. రెండోది 40 నుంచి 46. మూడోది 35 అలాగే ఉంది. ఇక్కడికి 263. ఆ కింద రెండు క్రీడా చానళ్ళు, ఒక్కోటి 19, మొత్తం 38. పిల్లల ప్యాక్ 15. వేరే భాషల చానళ్ళ ప్యాక్ ఒకటి 34. ఇవన్నీ కలిస్తే 350. పన్ను 63. మొత్తం 413.

చూశారా? ధర పెరిగినందువల్ల పిన్ని బిల్లులో చేరింది ఎంత? 7, 6, మొత్తం 13, పన్నుతో 15 రూపాయల చిల్లర. మిగతా 103 రూపాయలు ధర పెరగడం వల్ల వచ్చినవి కావు. కొత్తగా వచ్చి చేరిన చానళ్ళవి. ‘రేట్లు పెరిగాయండీ’ అని కేబుల్ అబ్బాయి చెప్పిన మాట నిజమే, కానీ పెరిగిన 118 రూపాయల్లో 15 రూపాయల మేరకు మాత్రమే నిజం.

మరి ఆ చానళ్ళు ఎలా వచ్చాయి? క్రీడా చానళ్ళు, పిల్లల ప్యాక్ ఎవరు వేయించారో పిన్నికి అప్పుడే గుర్తొచ్చింది. ఏప్రిల్‌లో మనవడు సెలవులకు వచ్చాడు. అమ్మమ్మ ఇంట్లో క్రికెట్ రావడం లేదని తన ఫోను నుంచి చెప్పి వేయించుకున్నాడు. చెల్లెలికి బొమ్మల చానళ్ళు. పిల్లలు జూన్‌లో వెళ్ళిపోయారు, చానళ్ళు మాత్రం ఉండిపోయాయి. వేయించడానికి ఒక్క ఫోన్ సరిపోయింది. వద్దని ఎవరైనా చెబితే తప్ప అవి పోవు. నేను చూసిన ఇళ్ళలో పెరిగిన బిల్లులకు అన్నిటికన్నా తరచుగా కనిపించిన కారణం ఇదే: సెలవులకు వచ్చిన చుట్టాల చానళ్ళు. మీ ఇళ్ళల్లో కూడా ఒకసారి చూసుకోండి.

కానీ వేరే భాషల ప్యాక్, 34 రూపాయలది, అది ఎవరూ అడగలేదు. ఆపరేటర్ ఆఫీసుకు వెళ్ళాం. రైలుకట్ట దగ్గర చిన్న గది, గోడ నిండా తీగలు, మూల పాడైన బాక్సులు కుప్పగా. ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. ‘మామ్మగారూ, పాత ప్లాన్ తీసేశారండీ, పైనుంచే అందరినీ కొత్త ప్లాన్‌లోకి మార్చారు’ అన్నాడు. నేను ఒకటే అడిగాను: ‘మామ్మగారు ఒప్పుకున్నట్టు మీ దగ్గర ఏమైనా ఉందా? సంతకమో, మెసేజో, ఫోన్ రికార్డో?’ లేదన్నాడు. చందాదారు స్పష్టంగా ఒప్పుకోకుండా చానల్ వేయకూడదని నిబంధన. ఆ మాట గొంతు పెంచకుండా చెప్పాను. అతను పైవాళ్ళకు ఫోన్ చేశాడు. పది నిమిషాల్లో ఆ ప్యాక్ పోయింది. రెండు నెలలకు వసూలు చేసిన 80 రూపాయలు తరవాతి బిల్లులో తగ్గించారు. మిగతా క్రీడా చానళ్ళు, పిల్లల ప్యాక్ కూడా అప్పుడే తీయించాం.

అక్కడితో వచ్చేద్దామంటే పిన్ని ఆగింది. ‘ఆ మూడో ప్యాక్‌లో నేను చూసేది ఒకటే చానల్, మిగతావి నాకెందుకు?’ అని అడిగింది. నేను కాదు, తనే అడిగింది. ఆ చానల్ విడి ధర 19. ప్యాక్ 35. ప్యాక్ తీయించి ఆ ఒక్కటీ ఉంచుకుంది. ఇప్పుడు లెక్క: 130, 52, 46, 19. మొత్తం 247. పన్నుతో 291 రూపాయల 46 పైసలు. ధరలు పెరిగాక కూడా పాత 295 కన్నా తక్కువ. తను చూసే చానళ్ళలో ఒక్కటి కూడా పోలేదు.

అన్ని ప్యాక్‌లనూ ఇలా విడగొట్టమని నేను చెప్పను. ఒక ప్యాక్‌లో మీరు నిజంగా మూడు నాలుగు చానళ్ళు చూస్తే ప్యాక్ చవక. ఒకటే చూస్తే విడిగా చవక. రెండు చూస్తే కలం కాగితం తీసుకోవాలి. ఇంకొక సంగతి, తెలుగు వార్తా చానళ్ళలో చాలావాటికి విడిగా ధరే లేదు, ఫీజులోనే వచ్చేస్తాయి. వార్తల కోసమని ప్యాక్ కొన్నవాళ్ళు ఒకసారి చూసుకోవాలి. బొమ్మ మరింత స్పష్టంగా వచ్చే హెచ్‌డీకి, మామూలు ఎస్‌డీకి ధరలు కూడా వేరు వేరు. ఇంట్లో ఉన్నది పాత టీవీ అయితే హెచ్‌డీకి డబ్బు కట్టి లాభం లేదు.

కేబుల్ అబ్బాయి గురించి ఒక మాట. మనం కోపమంతా అతని మీద చూపిస్తాం, గుమ్మంలోకి వచ్చేది అతనే కాబట్టి. చానల్ ధర అతను నిర్ణయించడు. వేరే ఒప్పందం లేకపోతే ఫీజులో నూటికి 45 వంతులు స్థానిక ఆపరేటర్‌కు, 55 వంతులు పై సంస్థకు పోతాయి. అందులోనే అతను తీగలు చూసుకోవాలి, వానలో స్తంభం ఎక్కాలి. డిష్‌ల మధ్య, ఫోన్ల మధ్య అతని కనెక్షన్లు తగ్గిపోతున్నాయి. అతన్ని తిట్టి మనం సాధించేది ఏమీ లేదు. అడగవలసింది లెక్క. లెక్క అడిగితే అతనికీ సులువే, పై సంస్థను అడగడానికి అతనికీ ఒక ఆధారం దొరుకుతుంది.

డిష్ ఉన్నవాళ్ళు, మీకు చీటీ రాదు, ముందే డబ్బు వేస్తారు కదా. మీకు పెరుగుదల రూపాయల్లో కనిపించదు, రోజుల్లో కనిపిస్తుంది. 300 వేస్తే 30 రోజులు వచ్చేది 24 రోజులకే అయిపోయిందనుకోండి, రోజుకు 10 పోయేది పన్నెండున్నర పోతోందన్నమాట. ‘అప్పుడే అయిపోయిందా’ అనుకుని మళ్ళీ వేసేస్తాం. అలా అనిపించిన రోజే యాప్‌లో ప్యాక్ పట్టీ తెరవండి. డబ్బు వేసిన తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. అంతకన్నా పెద్ద పద్ధతి ఏదీ అక్కరలేదు.

ఇప్పుడు ఫోన్ల మీద, ఇంటర్నెట్ టీవీల మీద చూసేవాళ్ళ సంగతి. ఇది యువకులు కూడా వినాలి, వెనక మాట్లాడుకుంటున్నవారు కాస్త ఆగండి. మొదటి నెల ఉచితం అని చేరతారు, చేరేటప్పుడు ఆటోపేకు ఒప్పుకుంటారు. ఆ తరవాత దానంతటదే పోతూ ఉంటుంది. ధర పెరిగినా పోతూనే ఉంటుంది. నేను 31 ఏళ్ళు బ్యాంకులో పని చేశాను కాబట్టి దీని గురించి గట్టిగా చెప్పగలను. కార్డుల మీద ఇలా పదే పదే తీసుకునే డబ్బుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమలయ్యాయి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. ఆ సమాచారంలోనే వద్దనుకునే వీలు ఉండాలి. ఆ మెసేజ్ మీకు వస్తూనే ఉంది. వందలాది మెసేజ్‌ల మధ్య మనం చూడటం లేదు, అంతే. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట మీరు ఎవరెవరికి అనుమతి ఇచ్చారో పట్టీ ఉంటుంది. ఇవాళ ఇంటికి వెళ్ళగానే దాన్ని తెరవండి. గరిష్ఠంగా ఎంత తీసుకోవచ్చని అనుమతి ఇచ్చారో కూడా అక్కడే ఉంటుంది. నెలకు 149 పోతోంది కదా అనుకుంటారు, అనుమతి మాత్రం చాలా ఎక్కువకు ఇచ్చి ఉంటారు.

సరే, అడిగారు, జవాబు రాలేదు. అప్పుడు? మొదట కస్టమర్ కేర్‌కు చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. సంఖ్య లేని ఫిర్యాదు గాలిలో చెప్పిన మాట. ఎవరితో మాట్లాడారు, ఏ రోజు, ఏమన్నారు, రాసి పెట్టుకోండి. అక్కడ తేలకపోతే సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయండి, వివరాలు సంస్థ వెబ్‌సైటులో ఉండాలి. ట్రాయ్‌కు రాస్తే మన బిల్లు సరిచేస్తుందని చాలామంది అనుకుంటారు. ట్రాయ్ నిబంధనలు పెడుతుంది, ఒక్కొక్కరి తగవు తీర్చదు. దానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, 1915. ఆ తరవాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే కేసు వేయడానికి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. 80 రూపాయల కోసం అంత దూరం ఎందుకు అంటారు, నాకు తెలుసు. మీ ఒక్కరికీ 80. అదే ప్యాక్ ఆ ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు అడగకుండా వేశారో ఆలోచించండి. మా పిన్ని వీధిలో ఆ వారమే ఇంకో ఆరుగురు వెళ్ళి తీయించుకున్నారు.

అసలు నెల నెలా కట్టడమే కష్టమైనవాళ్ళకు దూరదర్శన్ ఉచిత డిష్ ఉంది, 2004 నుంచి. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలవారీ బిల్లు లేదు. మన యాదగిరి, సప్తగిరి వస్తాయి. అయితే మీరు అలవాటు పడిన ప్రైవేటు తెలుగు వినోద చానళ్ళన్నీ అందులో దొరుకుతాయని అనుకోవద్దు. అది తెలుసుకునే తీసుకోండి, కొన్న తరవాత బాధపడకూడదు.

మాస్టారు ఏదో అడుగుతున్నారు. చెప్పండి మాస్టారూ. రెండో టీవీకి కూడా పూర్తి ఫీజు తీసుకుంటున్నారు, అది సరైనదేనా అంటున్నారు. మంచి ప్రశ్న. 2020లో రెండో టీవీకి ఫీజులో 40 శాతం మించకూడదని పెట్టారు. 2024లో ఫీజు పరిమితే తీసేశాక, మీ సంస్థ ప్రకటించిన పట్టీలో రెండో టీవీకి ఎంత ఉందో చూడాలి. అక్కడ తక్కువ ఉండి మీ దగ్గర ఎక్కువ తీసుకుంటే, ఆ తేడా వెనక్కి అడగండి. ఇంకో సంగతి మాస్టారూ, రెండో టీవీకి కూడా మొదటి టీవీలోని ప్యాక్‌లన్నీ అక్కరలేదు. పడకగదిలో మీరు చూసేవి మాత్రమే వేయించుకోవచ్చు.

ఆ అమ్మాయి అడిగేది, మా ఆపరేటర్ చీటీయే ఇవ్వడు అని. ఇవ్వమని అడుగమ్మా. ఇచ్చిన డబ్బుకు రసీదు అడగడంలో సంకోచం ఎందుకు? ఈ నెల ఇవ్వకపోతే ఫోన్‌లో డబ్బు పంపు, కనీసం ఆ తేదీ, ఆ మొత్తం నీ దగ్గర ఉంటాయి. పట్టీ మాత్రం 999లోనూ, మెనూలోనూ నువ్వే చూసుకో. ఎవరినీ అడగనక్కరలేదు.

ఇక నేను మాట్లాడటం ఆపుతాను, ఎందుకంటే రమ్మన్నప్పుడే పాత చీటీ, కొత్త చీటీ రెండూ తెచ్చుకోమని చెప్పాం. కిటికీ పక్కన బల్ల వేశారు, కాగితాలూ పెన్నులూ ఉన్నాయి. ఒక్కొక్కరూ రండి, మూడు వరుసలుగా విడదీసి చూద్దాం. చీటీ లేనివాళ్ళు ఇవాళ రాత్రి 999 నొక్కి పట్టీ రాసుకుని, వచ్చే ఆదివారం ఇదే వేళకు తీసుకురండి. అమ్మా, మీ చేతిలో ఉన్నది ఇలా ఇవ్వండి. 520 అని ఉందే. పోయిన నెల ఎంత కట్టారు?